ఆగగలిగినవాడిదే బేరం

మేక ఇంకో వారం ఆగుతుంది, కొబ్బరికాయ నెలలు ఆగుతుంది. టమాటా రెండో రోజుకే మెత్తబడుతుంది. పట్టుగూడుకి వారం పది రోజులే ఆయుష్షు. రైతుకీ కొనేవాడికీ మధ్య దారి ఎక్కడ ఇరుకవుతుందో తెలుసుకోవాలంటే కారిమంగళం సంతలో ఒక ఉదయం నిలబడాలి.

మంగళవారం. తెలతెలవారుతోంది. తమిళనాడులో కృష్ణగిరి నుంచి ధర్మపురికి పోయే దారిలో ఉన్న కారిమంగళం సంత మైదానంలోకి మేకలు దిగుతున్నాయి. చిన్న ట్రక్కుల వెనక తలుపు తెరవగానే ఒకదాని మీంచి ఒకటి దూకుతున్నాయి. టీవీఎస్ మోపెడ్ మీద వచ్చిన ఒకాయన రెండు కాళ్ళ మధ్య మేకపిల్లని ఇరికించుకుని తెచ్చాడు. ఆవుల వైపు ఇద్దరు పెద్దమనుషులు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, నోరు విప్పకుండా, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర మాట్లాడుకుంటున్నారు. ఏ వేలికి ఎంతో వాళ్ళిద్దరికీ తెలుసు. చుట్టూ మూగినవాళ్ళకి తెలియకూడదు. ఇంకో పక్క కొబ్బరికాయలు పెద్దవి ఒక కుప్ప, నడితరం ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్పగా పోసి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర తమిళం, కన్నడం, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. ఈ రెండు జిల్లాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే ఊళ్ళు ఇప్పటికీ బోలెడు.

మేకతాడు మణికట్టుకి చుట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. వ్యాపారి వచ్చాడు. ముందు మాట కలపలేదు. మేక నడుం మీద అరచెయ్యి పెట్టి వెన్నుపూస నొక్కాడు. తోక మొదట్లో కండ పట్టి చూశాడు. పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వచ్చాయి. మనసులో బరువు తూచుకున్నాక గానీ నోరు తెరవలేదు.

"ఎంతకిస్తావవ్వా?"

"నువ్వే చెప్పప్పా."

"ఏడు."

"ఏడుకి ఈ కాలంలో మేకొస్తుందా అప్పా?"

"ఏడున్నర. ఇంక లాగొద్దు."

"ఎనిమిదిన్నరకైతే తాడిస్తా. లేదంటే తోలుకుని పోతా."

అతను వెళ్ళిపోయాడు. ఆమె వెనక్కి పిలవలేదు. పక్కన రాలిన వేపరెమ్మ తీసి మేకకి అందించింది. అతను ఇంకో రెండు మేకల నడుములు నొక్కి వచ్చి మళ్ళీ అడిగాడు, మళ్ళీ పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు ఎనిమిది వేల మూడు వందలకి తాడు చేతులు మారింది.

'తోలుకుని పోతా' అన్న మాట ఉత్త బెదిరింపు కాదు. నిజంగానే తోలుకుపోగలదు. గట్టు మీద ఇంకో వారం మేపితే మేక కాస్త కండ పడుతుందే తప్ప ఆమెకి పోయేదేమీ లేదు. వచ్చే మంగళవారం మళ్ళీ సంత ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే ఆదివారం పోచంపల్లి సంత ఉంది. తమిళుల ఆడి నెలలో అమ్మవారి జాతరలకీ, బక్రీదుకీ, దీపావళికీ మేక ధర ఎక్కుతుందనీ, పురట్టాసి నెలలో చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు కాబట్టి దిగుతుందనీ ఆమెకి తెలుసు. ఆ లెక్క చూసుకునే ఆమె బయల్దేరింది. ఆ బేరంలో ఆమెకున్న బలమంతా అదే.

ప్రతి సరుకుకీ ఒక గడువు

రైతు పండించిన సరుకు తినేవాడి ఇంటికి చేరే దారి గురించి మాట వచ్చినప్పుడల్లా మనం దళారుల్ని తిట్టడంతో మొదలుపెడతాం. 2025 వేసవిలో చిత్తూరు రోడ్ల మీద తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరినప్పుడూ అదే వినిపించింది. అదే ఏడాది కొబ్బరి ధర ఎన్నడూ లేనంతగా ఎగబాకినప్పుడు మాత్రం రైతుకి దళారి మీద అంత కోపం రాలేదు. కొబ్బరి తోటకీ మామిడి తోటకీ మధ్య దళారులేం మారిపోలేదు. మారింది సరుకు.

ఒలవని కొబ్బరికాయని చెట్టు నీడన కుప్ప పోసుకుని నెలల తరబడి ఉంచుకోవచ్చు. ధర నచ్చకపోతే పగలగొట్టి ఎండబెట్టి కొబ్బరికుడకగా అమ్ముకోవచ్చు. కుడకకి కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర కూడా ఉంది. 2025కి మిల్లింగ్ రకం క్వింటాలుకి 11,582 రూపాయలు. అంటే కారిమంగళం సంతలో కాయల కుప్ప ముందు కూర్చున్న రైతు వెనక రెండు మూడు తలుపులు తెరిచి ఉన్నాయి. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు.

అదే ఉదయం, అదే ప్రాంతంలో, పాలకోడు టమాటా మండీలో నిలబడ్డ రైతు వెనక ఒక్క తలుపూ లేదు. కాయ నిన్న కోశాడు. రేపటికి మెత్తబడుతుంది. వెనక్కి తీసుకుపోవాలంటే బండి బాడుగ మళ్ళీ తనే కట్టుకోవాలి. అలా తీసుకుపోయింది పశువులకి వెయ్యడానికే పనికొస్తుంది. వేలంలో ఎంత పలికితే అంతకి ఇచ్చెయ్యడం తప్ప వేరే దారి లేదు.

ధరని నిర్ణయించేది దూరం అనుకుంటాం, దళారుల సంఖ్య అనుకుంటాం. అవీ ఉన్నాయి. కానీ అన్నిటికన్నా ముందున్న ప్రశ్న ఒకటే: అమ్మేవాడు ఎన్నాళ్ళు ఆగగలడు, కొనేవాడు ఎన్నాళ్ళు ఆగగలడు? ఈ ప్రాంతంలో పండే సరుకుల్ని ఒక్కొక్కటే ఈ ప్రశ్నతో చూస్తే, ఏ రైతు ఎందుకు నష్టపోతున్నాడో చాలావరకు తేలిపోతుంది.

▪ మన రూపాయిలో రైతుకి ఎంత?
రిజర్వ్ బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రాల ప్రకారం మనం కూరగాయలకీ పండ్లకీ పెట్టే ప్రతి రూపాయిలో రైతుకి చేరేది సుమారుగా:
టమాటా – 33 పైసలు
ఉల్లి – 36 పైసలు
బంగాళాదుంప – 37 పైసలు
అరటి – 31 పైసలు
ద్రాక్ష – 35 పైసలు
మామిడి – 43 పైసలు
సహకార డెయిరీలకి పాలు పోసే రైతుకి మాత్రం సాధారణంగా 70 నుంచి 80 పైసలు దక్కుతాయి. పాలు పూట కూడా ఆగవు. అయినా అంత వాటా రావడానికి కారణం ఊళ్ళోనే, రోజుకి రెండుసార్లు, ముందే తెలిసిన ధరకి కొనే సొంత సంఘం ఉండడం.

కిస్తు గడువుతో మొదలైన తొందర

రైతు పంట రాగానే అమ్ముకోవాల్సిన తొందర ఈనాటిది కాదు. దాని చరిత్రలో పెద్ద అధ్యాయం ఈ ధర్మపురి గడ్డ మీదే మొదలైంది.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందం కింద టిప్పు సుల్తాన్ బారామహల్‌ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతమే బారామహల్. అక్కడ శిస్తు ఏర్పాటు చేసే పని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కి అప్పగించారు. అతని కింద సహాయకుడిగా వచ్చిన థామస్ మన్రో 1799 దాకా ఇక్కడే పనిచేశాడు. జమీందారు ప్రమేయం లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి రూపురేఖలు ఇక్కడే దిద్దుకున్నాయి. తర్వాత 1800 నుంచి ఏడేళ్ళు దత్తమండలాల కలెక్టరుగా మన్రో ఆ పద్ధతిని రాయలసీమకి తీసుకొచ్చాడు.

మన్రోకి రైతంటే గౌరవం ఉండేది. సీమలో పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. అయితే రైత్వారీలో రైతు భుజం మీద పడ్డ బరువు ఒకటుంది. శిస్తు రొక్కంలో కట్టాలి, కిస్తుల ప్రకారం కట్టాలి. కిస్తు గడువు దగ్గరపడితే ఊరంతా ఒకేసారి ధాన్యం అమ్మకానికి పెట్టాల్సిందే. అందరూ ఒకేసారి అమ్మితే ధర పడిపోతుంది. కొనే షావుకారే అప్పు ఇచ్చినవాడైతే ఇంకా పడిపోతుంది. భూమి రైతుదైంది గానీ, పంటని ఎప్పుడు అమ్మాలన్నది అతని చేతిలో లేకుండా పోయింది.

ఆ పీడ వదిలించడానికే 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. బహిరంగ వేలం, సరైన తూకం, రాతపూర్వకమైన లెక్క దాని ఉద్దేశాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న మార్కెట్ యార్డులకి ఆధారం 1966 నాటి చట్టం. రెండూ తూకంలో మోసాన్ని చాలావరకు అరికట్టాయి. రైతు తొందరని మాత్రం తగ్గించలేకపోయాయి. మన్రో గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న కలరాతో కన్నుమూసిన ఊరు పత్తికొండ. కిలో రూపాయికి పడిపోయిన టమాటాని రోడ్డు మీద పారబోశారన్న వార్త నేడు తరచూ వచ్చేది అదే పత్తికొండ నుంచి.

మండీలో ఏం జరుగుతుంది?

పాలకోడు, రాయకోట, మదనపల్లె, పత్తికొండ. రాష్ట్రాలు వేరైనా మండీ తీరు ఒకటే. రైతు క్రేట్లలో టమాటా తెస్తాడు. మండీ యజమాని దాన్ని వరసలు పేర్పించి వేలం పెడతాడు. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన వ్యాపారులు, వాళ్ళ మనుషులు చుట్టూ నిలబడతారు. పై పొరలో కాయ చూస్తారు, చెయ్యి లోపలికి దూర్చి అడుగు కాయ తీసి చూస్తారు, పాట మొదలవుతుంది. ఒక్కో రైతు సరుకు తేలిపోవడానికి ఒకటి రెండు నిమిషాలు కూడా పట్టదు. నాలుగు నెలల కష్టానికి ఆ రెండు నిమిషాల్లోనే వెల కడతారు.

మదనపల్లె చుట్టుపక్కల రైతుల నోట 'జాక్‌పాట్' అన్న మాట వినిపిస్తుంది. పేరు వింటే రైతుకేదో కలిసొచ్చినట్టుంటుంది. నిజానికి కాయ దెబ్బతింటుందన్న నెపంతో లెక్కలోంచి కొన్ని పెట్టెలు ఊరికే తీసేసే ఆనవాయితీ అది. కమీషను వేరే. హమాలీ వేరే. అధికారులు దాన్ని ఆపాలని చూసినప్పుడల్లా కొన్నాళ్ళు ఆగి, ఇంకో రూపంలో తిరిగొస్తుందని రైతులు చెబుతారు.

అయినా రైతు అదే మండీకి ఎందుకు పోతాడు? విత్తనాలకీ, కర్రలకీ, మందులకీ పంట మొదట్లో అప్పిచ్చింది మండీ యజమానే కాబట్టి. బ్యాంకు అడిగే కాగితాలు కౌలు రైతు దగ్గర ఉండవు. మండీ యజమాని కాగితాలు అడగడు. అర్ధరాత్రి ఫోన్ చేసినా పలుకుతాడు, పిల్ల పెళ్ళికి సాయం చేస్తాడు. బదులుగా సరుకు తన దగ్గరికే రావాలంటాడు. నేను అతన్ని దొంగ అనను. ఢిల్లీ వ్యాపారి డబ్బు ఎగ్గొట్టినా రైతుకి ఎంతో కొంత సర్దేది అతనే. రకాలు వేరుచేసి, లారీ నింపి, ఎక్కడ కాయకి గిరాకీ ఉందో కనిపెట్టి పంపే పని ఎవరో ఒకరు చెయ్యాలి. అది ఊరికే అయ్యే పని కాదు. సరుకుకి గడువు ఒక్క రోజు, అమ్మడానికి తలుపు ఒక్కటే కావడంలోనే రైతు కష్టమంతా ఉంది. పక్కన ఇంకో కొనుగోలుదారు నిలబడితే ఇదే మండీ యజమాని ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాడు.

2023 గుర్తుండే ఉంటుంది. జులై చివరికి మదనపల్లెలో టమాటా టోకు ధర కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. తోటలకి కాపలా పెట్టుకున్నారు. ఆ ధర చూసి అందరూ నారు పోశారు. సెప్టెంబరు నాటికి ధర నేలకి దిగింది, కొన్నిచోట్ల కోత కూలీ కూడా రాక తోటలోనే వదిలేశారు. జులైలో లాభం చూసినవాళ్ళు కొందరే. సెప్టెంబరులో మునిగినవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది. మనం హోటల్లో చట్నీ మారిందని మాట్లాడుకున్నంతగా ఆ రెండో సంగతి మాట్లాడుకోలేదు.

పట్టుచిలుక గూడు చీల్చేలోపు

ధర్మపురిలో ప్రభుత్వ పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. తమిళనాడు నలుమూలల నుంచీ రైతులు అక్కడికి గూళ్ళు తెస్తారు. పట్టుపురుగు గూడు అల్లుకున్నాక లోపల రెక్కల పట్టుచిలుకగా మారి, గూడు చీల్చుకుని బయటికొస్తుంది. అది బయటికొస్తే దారం తెగిపోతుంది, గూడు రీలింగుకి పనికిరాదు. అందుకని వారం పది రోజుల్లోపే అమ్మెయ్యాలి. లెక్క ప్రకారం ఇదీ టమాటాలాంటి ఆగలేని సరుకే.

కానీ ఇక్కడ రైతు పరిస్థితి కొంత మెరుగు. వేలం ప్రభుత్వ ఆవరణలో జరుగుతుంది, తూకం ప్రభుత్వానిది, కొనేవాళ్ళు పలువురు రీలర్లు. అన్నిటికన్నా ముఖ్యం, ధర్మపురి ధర నచ్చకపోతే కర్ణాటకలోని రామనగరం ఉంది. ఆసియాలోకెల్లా పెద్ద గూళ్ళ మార్కెట్‌గా దానికి పేరు. హిందూపురం వైపు రైతులు కూడా స్థానిక మార్కెట్లో ధర తగ్గితే గోనెలు బస్సులోనో వ్యానులోనో వేసుకుని రామనగరానికే పోతారు. రెండో తలుపు ఉందని తెలిస్తే మొదటి తలుపు దగ్గర ధర దానంతటదే కాస్త పెరుగుతుంది.

రెండేళ్ళు ఆగే గుజ్జు, రెండు రోజులు ఆగని కాయ

కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు మామిడికి ఒకే బెల్టు. ఇక్కడ పండే కాయల్లో ముఖ్యమైనది తోతాపురి. బజారులో కొనుక్కుని తినేవాళ్ళు తక్కువ. ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీకే పోతుంది. అక్కడి నుంచి శీతల పానీయాల కంపెనీలకీ, విదేశాలకీ వెళుతుంది. అంటే ఈ దారిలో రైతులు వేలమంది, ఫ్యాక్టరీలు కొన్ని పదులు, చివర కొనే పెద్ద కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని.

కాయ పండిన రెండు మూడు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరాలి. గుజ్జు తీసి, గాలి చొరబడని సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టాక అదే మామిడి ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా ఆగుతుంది. నిరుటి గుజ్జు గోదాములో మిగిలిపోతే ఫ్యాక్టరీ ఈ ఏడాది తొందరపడదు. పానీయాల కంపెనీ అసలే తొందరపడదు. దారి పొడవునా ఆగలేనివాడు ఒక్కడే, తోట యజమాని.

2025లో జరిగింది ఇదే. దిగుబడి బాగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో పాత నిల్వలున్నాయి. ధర కూలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలిపి రైతుకి 12 దక్కేలా చూస్తానని ప్రకటించింది. జూన్ 7న పొరుగు రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా కలెక్టరు ఆంక్ష పెట్టారు. దాంతో ఏళ్ళ తరబడి చిత్తూరు ఫ్యాక్టరీలకే కాయ తోలుతున్న కోలారు వైపు రైతులు సరిహద్దులో చిక్కుకున్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ కేంద్రాన్ని మార్కెట్ జోక్యం కోరారు. చివరికి కేంద్రం ఆంధ్ర తోతాపురికి క్వింటాలు 1,490 రూపాయల 73 పైసల లెక్కన 1.62 లక్షల టన్నులకి, కర్ణాటకకి క్వింటాలు 1,616 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం కింద సాయం ఒప్పుకుంది.

ఇన్ని ఉత్తరాలూ ప్రకటనలూ నడుస్తున్న వారాల్లో కాయ మాత్రం ట్రాక్టరు మీద మగ్గుతూనే ఉంది. బంగారుపాళ్యం, గంగాధర నెల్లూరు వైపు ఫ్యాక్టరీ గేట్ల ముందు రాత్రిళ్ళు పగళ్ళు వరసలో కాచుకున్న ట్రాక్టర్ల ఫోటోలు చూశాం. డ్రైవరు బండి కిందే చాప పరుచుకుని పడుకున్నాడు. బాడుగ రోజుకింత పెరుగుతోంది. అడుగు వరస కాయ నల్లబడి రసం కారుతోంది. సాయం ప్రకటించిన నాటికి చాలామంది కాయ అప్పటికే అమ్ముడుపోయింది, లేదా పారబోతకి చేరింది.

సరిహద్దు మూసెయ్యడం నాకు సరైన పనిగా తోచలేదు. ఒక జిల్లా రైతుని కాపాడబోయి పక్క జిల్లా రైతుకున్న ఒక్క తలుపునీ మూసినట్టయింది. కోలారు రైతుదీ, కృష్ణగిరి రైతుదీ, చిత్తూరు రైతుదీ ఒకే కాయ, ఒకే కష్టం. వాళ్ళు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గుజ్జు కొనే కంపెనీలతో మాట్లాడే రోజు రావాలి. ఆ మాట జూన్‌లో కాదు, పూత పట్టే జనవరిలోనే జరగాలి.

▪ మన రైతు బజారు, వాళ్ళ ఉళవర్ సందై
1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు 14న మదురైలో కరుణానిధి ప్రభుత్వం ఉళవర్ సందై తెరిచింది. వీటికన్నా ముందు 1987లో పంజాబ్‌లో 'అప్నీ మండీ' వచ్చింది. ధర్మపురిలోనూ ఉళవర్ సందై ఉంది. 2001లో తమిళనాడులో ప్రభుత్వం మారాక మూలనపడ్డ ఉళవర్ సందైలు 2006 తర్వాత మళ్ళీ కళకట్టాయి.
గుర్తింపు కార్డున్న రైతుకే చోటు. ధర టోకు కన్నా పైన, చిల్లర కన్నా కింద ఉండేలా ఉదయాన్నే నిర్ణయించి బోర్డు మీద రాస్తారు.

రైతు బజారు మంచి ఆలోచన. ఆకుకూరలు, వంకాయలు, బీరకాయలు పొద్దున్నే గంపల్లో తెచ్చుకుని మధ్యాహ్నానికి అమ్ముకుని పోగలిగే పట్నం చుట్టుపక్కల రైతుకి అది నిజమైన ఆసరా. అయితే మూడెకరాల టమాటాలో రెండొందల క్రేట్లు ఒక్కసారి దిగినవాడు బజారులో బల్ల ముందు కూర్చుని కిలోల లెక్కన అమ్మలేడు. అతనికి కావాల్సిన దారి వేరు.

గుడ్డుకి ధర చెప్పిన తెలుగువాడు

కారిమంగళం నుంచి దక్షిణంగా పోతే సేలం, ఆ తర్వాత నామక్కల్. దేశంలో గుడ్డు ధర అనగానే గుర్తొచ్చే ఊరు అది. 1980ల మొదట్లో కోళ్ళ రైతు పరిస్థితి ఇప్పటి టమాటా రైతుకి ఏమాత్రం తీసిపోయేది కాదు. పట్నంలో వ్యాపారులు ఒక మాట అనుకుని పొద్దున్నే ధర చెప్పేవాళ్ళు. మేత ఖర్చు కూడా రాని రోజులుండేవి. చాలామంది ఫారాలు మూసేశారు.

అప్పుడు బండా వాసుదేవరావు రంగంలోకి దిగారు. అందరూ డాక్టర్ బి.వి. రావు అంటారు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తెలుగువాడు. 1981 నుంచి ఊరూరా తిరిగి రైతులతోనూ వ్యాపారులతోనూ వందలాది సమావేశాలు పెట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. 'నెక్' అని పేపర్లో రోజూ చూసే ధర ఆ సంఘానిదే. ధర చెప్పే హక్కు వ్యాపారి నుంచి రైతుకి మారింది. 1990లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఇది ఎలా సాధ్యమైంది? ఒక ఫారం రైతు రెండు రోజులకి మించి ఆగలేడు, రోజూ కోడి గుడ్డు పెడుతూనే ఉంటుంది. కానీ ప్రాంతమంతా ఒకే ధర దగ్గర నిలబడితే వ్యాపారి ఇంకెక్కడికి పోతాడు? ఒంటరిగా లేని ఓపిక గుంపుగా వచ్చింది. ధర చిక్కనప్పుడు ప్రాంతాల మధ్య సరుకు సర్దడం, గుడ్డు తినమని ప్రచారం చెయ్యడం కూడా సంఘమే నెత్తిన వేసుకుంది.

అంతా సవ్యంగా ఉందనడం లేదు. ప్రకటించిన ధరకి ఎవరూ కట్టుబడి తీరాలని చట్టం లేదు. నామక్కల్లో 'మైనస్' అనే మాట ఉంది. ప్రకటించిన ధరలోంచి ఇన్ని పైసలు తగ్గించి కొనే అలవాటు అది. గిరాకీ తగ్గిన రోజుల్లో మైనస్ పెరుగుతుంది. అయినా ఈ రోజు గుడ్డు ధర ఎంతో రైతుకీ, వ్యాపారికీ, మీకూ నాకూ పొద్దున్నే తెలుసు. టమాటా రైతుకి ఆ మాత్రం కూడా తెలియదు. మండీకి చేరాకే తెలుస్తుంది.

ఆగడానికీ ఖర్చుంది

ఆగితే చాలు అన్నీ చక్కబడతాయనుకుంటే గుంటూరు మిర్చి ఆ భ్రమ తీరుస్తుంది. ఎండుమిర్చి ఆగే సరుకు. గుంటూరు చుట్టూ శీతల గిడ్డంగులకి కొదవ లేదు. ధర బాగుంటుందన్న ఆశతో సరుకు దాచుకున్నవాళ్ళు గిడ్డంగి అద్దె కట్టారు, బస్తా మీద తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టారు. పాత నిల్వలు కరగకముందే కొత్త పంట వచ్చిపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలుగా జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు ఏళ్ళలో 20 వేలు దాటి చూసిన రైతుకి అది కన్నీటి ధరే. అద్దె, వడ్డీ తన జేబులోంచి పోతుంటే ఆగడం కూడా ఒక పందెమే.

అందుకే ఆగే ఖర్చుని ఎవరు మోస్తారన్నది తేల్చాలి. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ కమిటీల్లో ఏళ్ళుగా ఉన్న రైతుబంధు పథకం ఈ పని కోసమే. సరుకు యార్డు గోదాములో పెట్టి విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకోవచ్చు. 2 లక్షల దాకా, 180 రోజులు వడ్డీ ఉండదు. తమిళనాడు క్రమబద్ధ మార్కెట్లలోనూ సరుకు తాకట్టు మీద రుణం ఇస్తారు. ధాన్యం, కంది, వేరుశనగ పండించేవాళ్ళు ఈ సంగతి తెలిసి వాడుకుంటే కోత నెలలో అమ్ముకునే తొందర కొంత తగ్గుతుంది. తెలియక వదిలేసుకుంటున్నవాళ్ళే ఎక్కువ. మీ ఊరి మార్కెట్ కమిటీ ఆఫీసులో పట్టాదారు పాసుపుస్తకం చూపించి అడిగితే వివరాలు చెబుతారు.

టమాటాకి ఆ పథకం పనికిరాదు. 'మండీ పక్కనే గుజ్జు ఫ్యాక్టరీ పెట్టండి' అని పత్తికొండలో, మదనపల్లెలో, పాలకోడులో ఏళ్ళుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. కానీ మండీకి వచ్చే కాయ దూర ప్రయాణానికి తట్టుకునేలా తోలు మందంగా ఉండే హైబ్రిడ్ రకం, నీరు ఎక్కువ, గుజ్జు తక్కువ. ఫ్యాక్టరీకి కావాల్సింది ఎర్రగా, చిక్కగా, గుజ్జు బరువు ఎక్కువ ఉండే వేరే రకం. మిగిలిపోయిన కాయతో ఫ్యాక్టరీ నడపబోతే ధర పడినప్పుడు పది రోజులు తిరిగి, ధర పెరగగానే ఆగిపోతుంది. అలా నడిచేదానికి బ్యాంకు అప్పివ్వదు. కాబట్టి ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాయి వెయ్యడానికి ముందే రైతు సంఘం, ఫ్యాక్టరీ, మార్కెటింగ్ శాఖ కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రాంతంలో ఎన్ని ఎకరాలు ఫ్యాక్టరీ రకానికి, ఎన్ని ఎకరాలు బజారు రకానికి, ఫ్యాక్టరీ రకానికి కనీస ధర ఎంత, కోత రోజున బండి ఎవరు పంపుతారు. ఇదంతా నారు పోసే నాటికే కాగితం మీద ఉండాలి.